కన్నింగ్‌హామ్ పందెపు జట్టు

కన్నింగ్‌హామ్ జట్టు రెండవ ప్రపంచ యుద్ధానంతరమున అమెరికా సంయుక్త రాష్ట్రములనుండి బయలుదేరి, ఐరోపా ఖండమునందలి దీర్ఘకాల మోటారు పందెములలో, అనగా నేడు ఎండ్యూరెన్స్ రేసులని వ్యవహరింపబడు పోటీలలో, స్వదేశ నిర్మితములైన స్పోర్ట్సు కార్లతో పాల్గొనిన సుప్రసిద్ధ బృందము. దీనిని స్థాపించి, పోషించి, దీని కార్లను స్వయముగా నడిపినవాడు బ్రిగ్స్ స్విఫ్ట్ కన్నింగ్‌హామ్ (1907–2003). 1950 మొదలు 1963 వరకు, మధ్యలో నాలుగేండ్ల విరామముతో, ఈ జట్టు ఫ్రాన్సు దేశమునందలి లె మాన్స్ 24 గంటల పందెమునకు కార్లను పంపెను. 1953, 1954 సంవత్సరములలో అచ్చట తృతీయ స్థానమును పొందెను. ఫ్లోరిడా రాష్ట్రమునందలి సెబ్రింగ్ 12 గంటల పందెమున 1953 నుండి 1955 వరకు వరుసగా మూడేండ్లు ఈ జట్టు పంపిన కార్లే విజయము సాధించెను. అమెరికాలో కట్టిన కారును అమెరికా చోదకులు నడిపి లె మాన్స్‌ను జయింపవలెనన్నది స్థాపకుని ఏకైక సంకల్పము. ఆ సంకల్పము ఆయన చేతిమీదుగా నెరవేరలేదు. అయినను, ఒక పందెమును గెలుచుటకు కారు మాత్రమే చాలదనియు, కర్మాగారము, ఇంజనీర్లు, మెకానిక్కులు, చోదకులు, క్రమశిక్షణ అన్నియు ఒకే ఆశయమునకు లోబడి చిరకాలము పనిచేయవలెననియు ఆ దేశమునకు ఆచరణలో చూపినది ఈ జట్టే యగుటచేత, అమెరికా మోటారు క్రీడా చరిత్రలో దీని స్థానము విజయముల సంఖ్యకు మించినది.

రంగస్థలము

లె మాన్స్ పందెము 1923లో ప్రారంభమయ్యెను. పట్టణమునకు దక్షిణమున గల ప్రజా రహదారులను కొన్ని దినములపాటు మూసివేసి, సుమారు పదమూడున్నర కిలోమీటర్ల చుట్టుగా కలిపి, శనివారము సాయంకాలము మొదలుకొని ఆదివారము సాయంకాలము వరకు ఇరువదినాలుగు గంటలు కార్లను పరుగెత్తించుట దీని విధానము. ఆ కాలమున సాధారణముగ ఒక్కొక్క కారును ఇద్దరు చోదకులు వంతులవారీగా నడిపెడివారు. అధిక దూరము పోయిన కారు గెలిచినట్లు లెక్క. ఈ చుట్టులో ముల్సాన్ గ్రామము వైపు సాగు ఋజుమార్గము ఆనాడు దాదాపు ఆరు కిలోమీటర్లుండెను. దానిపై పరమవేగమును అందుకొనిన కారు మార్గాంతమున ఒక్కసారిగా నిదానించి ఇరుకైన మలుపు తిరుగవలసియుండెను. ఈ క్రియ చుట్టు చుట్టునకు, పగలు రేయి, వానలోను పొగమంచులోను, వందలసార్లు జరుగుచుండెడిది. కావున ఇంజను బలమెంత ముఖ్యమో బ్రేకుల ఓర్పు అంతకంటె ముఖ్యము. కన్నింగ్‌హామ్ జట్టు చరిత్రకు ఈ సత్యమే వెన్నెముక.

ఈ రంగమునకు అమెరికా అపరిచితము కాదు. 1921లో లె మాన్స్‌లో జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రీ పందెమును జిమ్మీ మర్ఫీ డ్యూసెన్‌బర్గ్ కారుతో గెలిచెను. 1928లో స్టట్జ్ కారొకటి 24 గంటల పందెమున బెంట్లీ వెనుక ద్వితీయ స్థానమున నిలిచెను. అటుపిమ్మట అమెరికా దృష్టి ఇండియానాపోలిస్ మొదలైన వలయాకారపు పథములపైకి మరలి, రహదారి పందెములు ఆ దేశమున దాదాపుగా అంతరించెను. యుద్ధము ముగిసి, ఐరోపా నుండి తిరిగివచ్చిన సైనికులు చిన్న స్పోర్ట్సు కార్లయందు మక్కువ పెంచుకొనినప్పుడు మాత్రమే ఆ క్రీడ మరల చిగురించెను.

స్థాపకుడు

బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ ఒహాయో రాష్ట్రమునందలి సిన్సినాటి నగరమున ఒక సంపన్న కుటుంబమున 1907 జనవరి 19న జన్మించెను. కొంతకాలము యేల్ విశ్వవిద్యాలయమున చదివి, 1929లో లూసీ బెడ్‌ఫర్డ్‌ను వివాహమాడెను. మోటారు కార్లు, తెరచాప పడవలు ఆయనకు సమానముగ ప్రియములైన విద్యలు. 1958లో కొలంబియా అను పడవకు సారథియై, బ్రిటిషు పడవ సెప్టర్‌ను ఓడించి, అమెరికాస్ కప్ అను విశ్వవిఖ్యాత నౌకాపందెమును తన దేశమునకు నిలిపెను. తెరచాప బిగువును సవరించుటకు ఆయన కల్పించిన త్రాటి అమరిక నేటికిని నావికులలో ఆయన పేరిటనే వాడుకలో ఉన్నది. కలిమిని వినోదమునకు వెచ్చించిన వారు లోకమున అనేకులు. వినోదమును శాస్త్రముగా భావించి, దాని మెళకువలను తుదిముట్ట నేర్చుకొనుటకు కలిమిని వెచ్చించినవాడు ఈయన.

స్పోర్ట్సు కార్ల ఔత్సాహికులైన కోలియర్ సోదరులు 1930లలోనే స్నేహితుల పందెములు నడుపు ఒక సంఘమును ఏర్పరచిరి. కన్నింగ్‌హామ్ వారి మిత్రబృందమున చేరెను. బ్యూయిక్ చట్రముపై మెర్సిడిస్ కారు పై తొడుగును అమర్చి ఆయన తయారు చేయించిన "బ్యూ-మెర్క్" అను వాహనమును 1940లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శన ప్రాంగణమున జరిగిన పందెమునందు మైల్స్ కోలియర్ నడిపెను. 1948లో వాట్కిన్స్ గ్లెన్ గ్రామపు వీథులలో యుద్ధానంతరపు తొలి గొప్ప రహదారి పందెము జరిగినప్పుడు కన్నింగ్‌హామ్ అదే కారును తానే నడిపి రెండవవాడుగా వచ్చెను. మరుసటి ఏడు లుయీజి కినెట్టి ద్వారా ఒక ఫెరారీ 166ను కొనెను. అమెరికాకు దిగుమతియైన ఫెరారీలలో అది మొదటిదిగా ప్రసిద్ధము. 1950 సెప్టెంబరున వాట్కిన్స్ గ్లెన్ పందెమునందు ఆ ఫెరారీని నడుపుచు సామ్ కోలియర్ ప్రమాదమున మరణించెను. ఆప్తమిత్రుని మరణము కన్నింగ్‌హామ్‌ను తీవ్రముగ కలచివేసినను ఆయన ఆరంభించిన కార్యమును విడువలేదు.

1950: రెండు కాడిలాక్‌లు

లె మాన్స్ యాత్రకు తొలి ప్రయత్నము 1950లో జరిగెను. న్యూయార్కు సమీపమున కార్ల మరమ్మతు శాల నడుపుచుండిన బిల్ ఫ్రిక్, ఫిల్ వాల్టర్స్ అను ఇద్దరు నిపుణులు ఫోర్డు కారునందు కాడిలాక్ ఇంజనును అమర్చి ఒక సంకర వాహనమును సిద్ధపరచియుండిరి. కన్నింగ్‌హామ్ దానిని పంపదలచెను గాని పందెపు నిర్వాహకులు అంగీకరింపలేదు. అంతట ఆయన రెండు కాడిలాక్ కార్లనే ఎన్నుకొనెను. మొదటిది అంగడిలో దొరకు కారునకు దాదాపు యథాతథము. రెండవదాని పై తొడుగును తొలగించి, గ్రమ్మన్ విమాన సంస్థకు చెందిన ఇంజనీరు హోవర్డ్ వైన్‌మన్ రూపకల్పన మేరకు, గాలిని చీల్చుకొనిపోవు విశాలమైన అల్యూమినియపు దేహమును కప్పిరి. ఐదు కార్బురేటర్లు గల ఈ వికృతాకారమును చూచిన ఫ్రెంచి ప్రేక్షకులు దానిని "లె మాన్‌స్ట్ర్", అనగా రాక్షసి, అని పిలిచిరి. ఆ పేరే స్థిరపడెను.

సామ్, మైల్స్ కోలియర్ సోదరులు నడిపిన మామూలు కాడిలాక్ పదవ స్థానమున, కన్నింగ్‌హామ్, వాల్టర్స్ నడిపిన రాక్షసి పదునొకండవ స్థానమున నిలిచెను. రెండవ చుట్టులోనే రాక్షసి ఇసుకగట్టున దిగబడగా కన్నింగ్‌హామ్ దానిని త్రవ్వి బయటికి తీయుటలో విలువైన కాలము వ్యర్థమయ్యెను. ఆ విలంబము లేకున్నచో క్రమము మారియుండెడిది. కుటుంబసమేతముగ ప్రయాణించుటకు కట్టిన బరువైన కారు ఇరువదినాలుగు గంటలు నిలిచి పదవదిగా రాగలిగినచో, ఈ పనికే ప్రత్యేకముగ కట్టిన కారు ఏమి చేయగలదో అను ఆలోచన జట్టునకు బలము నిచ్చెను.

వెస్ట్ పామ్ బీచ్ కర్మాగారము

ఫ్రిక్, వాల్టర్స్ ల వ్యాపారమును తనలో చేర్చుకొని, ఫ్లోరిడా రాష్ట్రపు వెస్ట్ పామ్ బీచ్ నందు కన్నింగ్‌హామ్ తన పేరిట ఒక కర్మాగారమును నెలకొల్పెను. ప్రధాన రూపకర్త జి. బ్రిగ్స్ వీవర్, పందెపు వాహనములను సిద్ధము చేయుటలో జట్టునకు ఆయువుపట్టు వంటివాడు ఇటలీలో జన్మించి న్యూయార్కున స్థిరపడిన ఆల్ఫ్రెడ్ మోమో. చోదకులలో ముఖ్యుడైన వాల్టర్స్ యుద్ధకాలమున గ్లైడర్ నడిపిన వైమానికుడు. మరియొక ముఖ్యుడు జాన్ ఫిచ్ యుద్ధ విమానములను నడిపి, శత్రువులకు బందీయై తిరిగివచ్చినవాడు. బిల్ స్పియర్, షెర్వుడ్ జాన్‌స్టన్, బిల్ లాయిడ్ మొదలైనవారు క్రమక్రమముగ వచ్చి చేరిరి. వీరిలో పలువురు ధనార్జనకొఱకు గాక క్రీడాభిమానముచేతనే నడిపినవారు. అయినను శిక్షణ, కాలపాలన, కార్ల తనిఖీ విషయములందు ఈ జట్టు ఏ వృత్తి సంస్థకును తీసిపోనిదై యుండెను. తెల్లని దేహముపై రెండు నీలి చారలు, ఆ కాలపు అంతర్జాతీయ పందెములలో అమెరికాకు కేటాయింపబడిన వర్ణములు, వీరి కార్లకు నిత్యచిహ్నములయ్యెను.

1951లో లె మాన్స్‌కు పంపిన మూడు సి-2ఆర్ కార్లలో క్రైస్లర్ సంస్థవారి నూతన వి-8 ఇంజనును వాడిరి. 5.4 లీటర్ల ఆ ఇంజనునందు దహనకోష్ఠములు అర్ధగోళాకారములగుటచేత వాయు ఇంధన మిశ్రమము చక్కగ రగులుకొని బలము హెచ్చుగ పుట్టెడిది. వాల్టర్స్, ఫిచ్ ల కారు చిరకాలము ద్వితీయ స్థానమున పరుగెత్తి చూపరులను ఆశ్చర్యపరచెను. కాని అచ్చటి ఇంధనము నాసిరకముదగుటచేత ఇంజను దెబ్బతిని, కడకు పదునెనిమిదవ స్థానముతో తృప్తిపడవలసివచ్చెను. తక్కిన రెండును పందెమును ముగింపలేదు. బలమునకు లోటు లేదు. బరువు మాత్రము మితిమీరెనని జట్టు గ్రహించెను. అదే వత్సరము స్వదేశమున ఎల్క్‌హార్ట్ లేక్, వాట్కిన్స్ గ్లెన్ పందెములలో ఈ కార్లు విజయము పొందుటచేత నమ్మకము సడలలేదు.

సి-4ఆర్

బరువు పాఠమును నేర్చిన ఫలితమే 1952లో వెలువడిన సి-4ఆర్. ఇది తన పూర్వజునికంటె పొట్టిది, సన్ననిది, మిక్కిలి తేలిక. వెనుకటి కారునందలి సంక్లిష్టమైన డి డియాన్ ఇరుసునకు బదులు సరళము, దృఢము అయిన మామూలు ఇరుసు నమర్చిరి. క్రైస్లర్ ఇంజను బలము మూడు వందల అశ్వశక్తిని దాటెను. రెండు బహిరంగ కార్లతోపాటు, జర్మను వాయుగతి శాస్త్రజ్ఞుడు వూనిబాల్డ్ కామ్ సిద్ధాంతము ననుసరించి వెనుక భాగమును నిటారుగ కోసినట్లు ముగించిన పైకప్పు గల సి-4ఆర్‌కె అను మూడవ కారును నిర్మించిరి.

ఆ ఏటి లె మాన్స్ మానవ సహనమునకే పరీక్షయయ్యెను. తాల్బో కారును ఒంటరిగా నడుపుచుండిన ఫ్రెంచి చోదకుడు పియెర్ లెవె ఇరువది మూడవ గంట వరకు అగ్రస్థానమున నుండి, తుది ఘట్టమున ఇంజను విరిగి వైదొలగగా, మెర్సిడిస్ కార్లు ప్రథమ, ద్వితీయ స్థానములను పొందెను. కన్నింగ్‌హామ్ జట్టున రెండు కార్లు ఇంజను లోపములచే ఆగిపోగా, మూడవదానిని నలుబది అయిదేండ్ల యజమాని తానే దాదాపు ఇరువది గంటలు నడిపి, మిగిలిన కాలమును బిల్ స్పియర్‌కు విడిచి, నాలుగవ స్థానమునకు చేర్చెను. ధనము నిచ్చి దూరముగ కూర్చుండు పోషకుడు కాడనియు, తన బృందపు కష్టమునందు పెద్ద పాలు తానే మోయు నాయకుడనియు ఆయనను గూర్చి నేటికిని చెప్పుకొనుటకు ఆ ఇరువది గంటలే మూలము.

సి-3: విక్రయమునకు కట్టిన కారు

పందెములలో పాల్గొనదలచిన నిర్మాత కొన్ని కార్లనైన ప్రజలకు విక్రయింపవలెనను నియమము నుండుటచేత కన్నింగ్‌హామ్ సి-3 అను విలాసవంతమైన కారును తయారు చేయించెను. చట్రము, క్రైస్లర్ ఇంజను వెస్ట్ పామ్ బీచ్‌లో సిద్ధమై సముద్రము దాటి ఇటలీ చేరగా, జొవాన్ని మికెలొట్టి గీసిన రూపమున ట్యూరిన్ నగరపు విన్యాలె శిల్పశాలలో దేహమును తీర్చి, తిరిగి ఫ్లోరిడాకు పంపెడివారు. అమెరికా బలమును ఇటలీ సౌందర్యమును కలిపిన ఈ కారు చూపరుల మన్నన పొందినను, ధర సుమారు 10,000 డాలర్లుండుటచేత కొనువారు అరుదైరి. ఇరువది అయిదింటికి మించి తయారు కాలేదు. ప్రతి కారుపైనను సంస్థకు నష్టమే వచ్చెను. ఆ నష్టమే తరువాత జట్టు భవితవ్యమును నిర్ణయించెను.

1953: పరాకాష్ఠ

1953వ సంవత్సరము ఈ జట్టు చరిత్రలో శిఖరము. ప్రపంచ స్పోర్ట్సు కార్ల ఛాంపియన్‌షిప్ అను నూతన పోటీమాలిక ఆ యేటనే ఆరంభమయ్యెను. అందు మొట్టమొదటి పందెము మార్చి 8న సెబ్రింగ్‌లో, యుద్ధకాలపు విమానాశ్రయపు కాంక్రీటు పరుగుబాటలపై జరిగెను. ఫిచ్, వాల్టర్స్ సి-4ఆర్‌ను నడిపి, పన్నెండు గంటలలో దాదాపు 900 మైళ్లు సాగి, బ్రిటిషు ఆస్టన్ మార్టిన్ కారును ఓడించి గెలిచిరి. ఆ విధముగ ప్రపంచ ఛాంపియన్‌షిప్ చరిత్రలోని ప్రథమ విజయము అమెరికా కారునకు, అమెరికా చోదకులకు దక్కెను.

జూన్ మాసపు లె మాన్స్ కొఱకు సి-5ఆర్ అను నూతన వాహనమును సిద్ధపరచిరి. ముందు భాగము వెడల్పై, సముద్రపు సొర చేప మోమును స్ఫురింపజేయుటచేత ఫ్రెంచివారు దానికి ఆ పేరే పెట్టిరి. ఋజుమార్గమున అది గంటకు 154.8 మైళ్ల, అనగా సుమారు 249 కిలోమీటర్ల వేగమును చూపి, ఆ పందెమున కొలువబడిన కార్లన్నింటిలో అగ్రగణ్యమయ్యెను. అయినను గెలిచినది జాగ్వార్ సి-టైప్. కారణము ఇంజను కాదు, చక్రముల వద్ద నున్నది. కన్నింగ్‌హామ్ కారు బ్రేకులు పెద్ద డ్రమ్ములు. ఎడతెగక వేడెక్కుటచేత వాటి పట్టు సడలెడిది. కనుక చోదకులు మలుపునకు చాల ముందుగనే వేగమును తగ్గించుకొనవలసివచ్చెడిది. జాగ్వార్ వారు డన్‌లప్ సంస్థతో కలిసి అభివృద్ధి చేసిన డిస్కు బ్రేకులు గాలి తగులుచు త్వరగ చల్లారుటచేత, వారి చోదకులు మలుపు సమీపించు వరకు వేగమును నిలుపుకొని, ప్రతి చుట్టునందును కొన్ని క్షణముల లాభమును కూడబెట్టిరి. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ ల జాగ్వార్ సగటున గంటకు 105 మైళ్లకు పైగా సాగెను. లె మాన్స్‌లో సగటు వేగము నూరు మైళ్లను దాటుట అదియే తొలిసారి. స్టెర్లింగ్ మాస్, వాకర్ ల జాగ్వార్ ద్వితీయముగను, ఫిచ్, వాల్టర్స్ ల సి-5ఆర్ తృతీయముగను నిలిచెను. జట్టునందలి తక్కిన రెండు కార్లును ఏడవ, పదవ స్థానములను పొందెను. పంపిన మూడు కార్లును తొలి పదింటిలో నిలుచుట ఏ దేశపు జట్టునకైనను గర్వకారణమే. కొలది వారములలో రీమ్స్ నగరపు పన్నెండు గంటల పందెమున ఫిచ్ నడుపుచుండిన సి-5ఆర్ మహావేగముతో పోవుచు గాలిలో పల్టీ కొట్టి ధ్వంసమయ్యెను. ఆయన బ్రతికి బయటపడుట ఆశ్చర్యము.

1954–1955: వెనుకంజ

బ్రేకుల పాఠమును మరువని కన్నింగ్‌హామ్ 1954లో ఒక ఫెరారీ 375ను కొని, దాని బ్రేకులకు నీటిచే చల్లార్చు ఏర్పాటును చేయించి లె మాన్స్‌కు పంపెను. అది ముగింపు చేరలేదు. పాతవైన రెండు సి-4ఆర్ కార్లు మాత్రము నమ్మకమును నిలుపుకొని, స్పియర్, జాన్‌స్టన్ నడిపినది తృతీయ స్థానమున, కన్నింగ్‌హామ్ భాగస్వామిగా నడిపినది పంచమ స్థానమున నిలిచెను. రెండేండ్ల నాటి రూపకల్పన నూతన ఫెరారీ, జాగ్వార్ల సరసన నిలుచుట ఆ కారు దృఢత్వమునకు సాక్ష్యము. అదే యేడు సెబ్రింగ్‌లో జట్టు పంపిన చిన్న ఓస్కా కారు, ఒకటిన్నర లీటర్ల ఇంజనుతో, స్టెర్లింగ్ మాస్, బిల్ లాయిడ్ ల చేతులలో, తనకంటె పెద్దవైన కార్లు పెక్కు విరిగిపోగా ఓర్పుతో ప్రథమస్థానమును చేజిక్కించుకొనెను. దీర్ఘకాల పందెమున నిలుకడయే వేగమను సూత్రమునకు ఇంతకుమించిన ఉదాహరణము దొరకదు.

1955లో సెబ్రింగ్ విజయము మరల దక్కెను. కాని ఈసారి గెలిచినది బ్రిటిషు జాగ్వార్ డి-టైప్, నడిపినవారు మైక్ హాథార్న్, వాల్టర్స్. స్వదేశ నిర్మితమైన సి-6ఆర్ ఆఫెన్‌హౌసర్ ఇంజనుతో లె మాన్స్‌లో బరిలోనికి దిగి, కొంత దూరము సాగి నిలిచిపోయెను. ఆ పందెమును జగత్తు మరువని కారణము వేరు. జూన్ 11 సాయంకాలము మెర్సిడిస్ కారునందున్న లెవె వేరొక కారును ఢీకొనగా, ఆ వాహనపు శకలములు జనసమూహముపై పడి ఎనుబది మందికి పైగా ప్రేక్షకులు మరణించిరి. లెవె కూడ మరణించెను. ఆ యేట మెర్సిడిస్ పక్షమున అదే కారునకు సహచోదకుడై యుండినవాడు జాన్ ఫిచ్. ఆ దుర్ఘటన చూచిన వాల్టర్స్ పందెములనుండి శాశ్వతముగ తప్పుకొనెను. ఫిచ్ తన శేషజీవితమున గణనీయమైన భాగమును రహదారి భద్రతకు వినియోగించెను. వంతెనల స్తంభములముందు, దారులు చీలు చోట్ల, ఇసుక నింపిన ప్లాస్టిక్ పీపాలను వరుసలుగ నిలిపి, ఢీకొను వాహనపు వేగమును మెల్లగ హరించు ఏర్పాటు ఆయన కల్పించినదే. అమెరికా రహదారులపై అది అసంఖ్యాకుల ప్రాణములను కాపాడినది.

ఆర్థికముగను జట్టునకు అదే సంవత్సరము గండమయ్యెను. వరుసగా ఐదేండ్లు నష్టములను చూపిన సంస్థను అమెరికా పన్నుల శాఖ వ్యాపారముగ గాక వినోదముగ పరిగణించెడిది. అప్పుడా వ్యయమునకు పన్ను మినహాయింపు లభింపదు. పైగా లె మాన్స్‌ను గెలువగల కారును తన వనరులతో కట్టుట, మెర్సిడిస్, జాగ్వార్, ఫెరారీల వంటి సంస్థలు సర్వశక్తులను కేంద్రీకరించిన ఆ కాలమున, సాధ్యము కాదని కన్నింగ్‌హామ్‌కు తేటపడెను. కర్మాగారము 1955లో మూతపడెను.

ఉత్తర దశ: 1956–1963

నిర్మాణము ఆగినను జట్టు ఆగలేదు. మోమో పర్యవేక్షణలో న్యూయార్కు కేంద్రముగ, జాగ్వార్, లిస్టర్, మసెరాటి కార్లతో ఈ బృందము పందెములను కొనసాగించెను. వాల్ట్ హాన్స్‌జెన్ అను ప్రతిభావంతుడైన చోదకుడు ఈ కాలమున అమెరికా దేశీయ పోటీలలో జట్టునకు వరుస విజయములను సాధించి పెట్టెను.

1960లో మూడు తెల్లని షెవ్రొలే కార్వెట్ కార్లతో కన్నింగ్‌హామ్ మరల లె మాన్స్‌కు చేరెను. ఇది స్వదేశపు కారునందు ఆయనకు గల విశ్వాసము మరల మేల్కొనిన ఘట్టము. ఫిచ్, బాబ్ గ్రాస్‌మన్ నడిపిన కార్వెట్ చివరి గంటలలో విపరీతముగ వేడెక్కెను. నియమముల ప్రకారము ఆ సమయమున నీటిని నింపుట నిషిద్ధము. అందుచే మెకానిక్కులు ఇంజను చుట్టు మంచుగడ్డలను కూరి, కారును నెమ్మదిగ పంపుచు, ముగింపు వరకు నిలబెట్టిరి. అది ఎనిమిదవ స్థానమును, తన తరగతిలో ప్రథమ స్థానమును పొందెను. అదే పందెమున జట్టు పక్షమున జాగ్వార్ వారి ప్రయోగాత్మకమైన ఇ2ఎ కారును హాన్స్‌జెన్‌తో కూడి నడిపిన యువకుడు డాన్ గర్నీ. 1961లో మసెరాటితోను, 1962లో కన్నింగ్‌హామ్, రాయ్ సాల్వడోరి నడిపిన జాగ్వార్ ఇ-టైప్‌తోను జట్టు నాలుగవ స్థానములను సాధించెను. 1963లో తేలికపాటి ఇ-టైప్ కార్లతో తుదిసారి పాల్గొనిన పిమ్మట ఈ పతాక లె మాన్స్‌లో ఎగురలేదు.

సంగ్రహాలయము, పరంపర

పందెముల పిదప కన్నింగ్‌హామ్ తాను సేకరించిన పురాతన, అరుదైన కార్లకు కాలిఫోర్నియాలోని కోస్టా మేసాలో ఒక సంగ్రహాలయమును నెలకొల్పెను. పందెపు కార్లును, బుగాటి రోయాల్ వంటి అపూర్వ వాహనములును అందు ప్రజలకు దర్శనమిచ్చెడివి. 1986లో ఆ సేకరణ మైల్స్ కోలియర్ కుమారుని వశమై ఫ్లోరిడాలోని నేపుల్స్‌కు చేరెను. తొలినాటి మిత్రుని కుటుంబము ఆ కార్లకు సంరక్షకమగుటచేత, చరిత్రకు చెదరని ఆధారములు నిలిచినవి. కన్నింగ్‌హామ్ 2003 జూలై 2న, తొంబదియారవ యేట, లాస్ వేగాస్‌లో మరణించెను.

ఆయన కలగన్న విజయమును ఆయన జీవితకాలముననే ఇతరులు సాధించిరి. 1966లో ఫోర్డు జీటీ కార్లు లె మాన్స్‌లో మొదటి మూడు స్థానములను ఆక్రమించెను. మరుసటి యేడు అమెరికాలో రూపొందిన ఫోర్డును కారోల్ షెల్బీ బృందము సిద్ధపరచగా, డాన్ గర్నీ, ఏ.జే. ఫాయిట్ నడిపి ప్రథములైరి. అమెరికా కారు, అమెరికా జట్టు, అమెరికా చోదకులు అను మూడంశములు అప్పుడే తొలిసారి కలిసినవి. విజేతయైన గర్నీ ఒకప్పుడు కన్నింగ్‌హామ్ జట్టున నడిపినవాడు. ఈ శతాబ్దమున కార్వెట్ సంస్థ జట్టు 2001 నుండి లె మాన్స్‌లో పలుమార్లు తరగతి విజయములను పొందెను. 1960 నాటి తెల్లని కార్వెట్లు వేసిన దారియే అది.

మూల్యాంకనము

ఈ జట్టు కథను వైఫల్యముగ తలచుట తగదు. ఫోర్డు విజయమును ఒక మహా వ్యాపార సంస్థ అపారధనముతో సాధించెను. కన్నింగ్‌హామ్ పదేండ్లకు ముందే ఒక వ్యక్తి వనరులతో, కొలదిమంది సహచరులతో, అదే రంగమున రెండు పర్యాయములు తృతీయుడై నిలిచెను. ఆయన కార్లు ఒక్కొక్క యేడు ఒక్కొక్క పాఠమును నేర్పెను: 1950లో నిలకడ యొక్క సాధ్యతను, 1951లో బరువు యొక్క భారమును, 1953లో బ్రేకుల ప్రాధాన్యమును, 1954లో చిన్న కారు ఓర్పును. ప్రతి పాఠమును ఆయన బహిరంగముగ, పరాజయముల మధ్యనే నేర్చుకొని, మరుసటి యేడు దిద్దుకొని వచ్చెను. పరాజయమునకు వంకలు వెదకక, గెలిచిన ప్రత్యర్థి కారునే గౌరవముతో కొని, దాని రహస్యమును తన బృందముచే అభ్యసింపజేసిన వినయము ఆయనది. దీర్ఘకాల పందెమునకు అవసరమైన జట్టు స్వరూపమును, దాని పని తీరును అమెరికా ఆయనవద్దనే మొదట చూచెను. అనంతరము గెలిచినవారు ఆ మార్గమున నడిచినవారే యగుటచేత, వారి విజయములలో కన్నింగ్‌హామ్ జట్టునకు న్యాయమైన భాగము కలదని చరిత్రకారులు అంగీకరింపవలసియున్నది.